ఉప్పు మళ్ళ అవతల పదకొండు కెరటాలు

బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందని టీవీలో చెప్పగానే మా వీధిలో అందరూ కొవ్వొత్తులు కొన్నారు. నేను రైలు టికెట్టు కొన్నాను. అదీ దానికి దూరంగా పోయే రైలుకి కాదు, ఎదురెళ్ళే రైలుకి. ఇంత ఘనమైన తెలివితక్కువ నిర్ణయం మా వంశంలో నాకు ముందు ఒక్కరే తీసుకున్నారు. మా తాతయ్య. స్టీలు సామాను బజారులోకి దిగిన ఏడాదే ఆయన ఇత్తడి బిందెలు టోకున కొన్నాడు. ఆ బిందెలు ఇంకా మా అటక మీద ఉన్నాయి.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర మాది సామాన్ల కొట్టు. ఎదుటివాడు చెప్పిన ధరలో మూడో వంతు దగ్గర మొదలుపెట్టడం నాకు మాటలతో పాటే వచ్చింది. సర్ఫింగు మాత్రం ముప్ఫై నాలుగో ఏట, విశాఖలో, మోకాళ్ళు దోక్కుపోయాక వచ్చింది. కెరటం విరగబోయే సమయానికి దాని ముందు బోర్డు పెట్టి, లేచి నిలబడి ఒడ్డు దాకా జారడమే సర్ఫింగు. దేశం విడిచి వెళ్ళిపోతున్న ఒక విదేశీయుడు పాత బోర్డుకి పదిహేను వేలు చెబితే ఆరున్నర వేలకి దించాను. అతను నవ్వుతూ ఇచ్చాడు. అలా నవ్వుతూ ఇచ్చినందుకు ఇప్పటికీ నాకు అనుమానమే.

మన తీరంలో మంచి కెరటం రావాలంటే దూరంగా సముద్రంలో ఎక్కడో గాలి చెలరేగాలి. అందుకే నాలాంటివాళ్ళు వాతావరణ బులెటిన్లని బంగారం ధరల్లా చదువుతారు. అల్పపీడనం బలపడితే వాయుగుండం, ఇంకా బలపడితే తీవ్ర వాయుగుండం, ఆ పైన తుఫాను. తుఫాను అయితేనే పేరు పెడతారు. నేను చెబుతున్నది 2010లు సగం దాటాక ఒక అక్టోబరులో వచ్చినది. పేరు దాకా ఎదగలేదు కాబట్టి దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఆకాశంలోని ఉపగ్రహం పంపే బొమ్మల్లో మేఘాలు చుట్టుకుంటున్న తీరు చూసి గుండం నడిబొడ్డు ఎక్కడుందో అంచనా కడతారు. సముద్రంలో తేలే యంత్రాలు గాలిని, పీడనాన్ని పంపుతాయి. దగ్గరికొస్తే విశాఖ రాడారుకి చిక్కుతుంది. ఆ తర్వాత ఒక్కో దేశపు కంప్యూటరు దాని దారికి ఒక్కో గీత గీస్తుంది. ఆ గీతలన్నీ కలిపి మ్యాపులో గరాటా బొమ్మ వేస్తారు. గరాటా వెడల్పు చూసి గాలివాన అంత పెద్దదని జనం అనుకుంటారు. కాదు. నడిబొడ్డు ఆ గరాటాలో ఏ మూల నుంచైనా రావచ్చని దాని అర్థం.

సర్ఫరుకి ముఖ్యం ఏ మూల అన్నదే. మన వైపు సుడిగాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. అది మనకి ఉత్తరాన ఒడ్డు దాటితే మన దగ్గర గాలి నేల మీంచి సముద్రం వైపు వీచి, కెరటాలని దువ్వినట్టు నున్నగా నిలబెడుతుంది. దక్షిణాన దాటితే అదే గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. ఒకవైపు నాకు పండగ. రెండోవైపు పల్లెలకి ముంపు. బుధవారం సాయంత్రం బులెటిన్‌లో గీత ఒడిశాలోకి, గోపాలపూర్‌కి ఉత్తరంగా వెళ్తోంది. ఫోనులో రెండు విదేశీ యాప్‌లూ అదే చెప్పాయి. రెండు తక్కెళ్ళు ఒకే తప్పు తూచొచ్చని కొట్టులో పెరిగినవాడికి తెలిసుండాలి. మా ఆవిడతో మాత్రం పొందూరులో ఖద్దరు బేరం ఉందని చెప్పాను.

గురువారం ఉదయం ఆరు దాటాక పలాస పాసింజరు ఎక్కాను. టికెట్టు ఇరవై ఐదు రూపాయలు. ఏడడుగుల బోర్డు, పైన గుడ్డ సంచి. దాన్ని సీట్ల కింద దూర్చేసరికి పెట్టెలో సగం మంది కాళ్ళు పైకి ఎత్తుకున్నారు. పొందూరులో నిజంగానే ఒక ఖద్దరు మూట ఎక్కింది, దానితో ఒక పెద్దాయన. ఆయన కూర్చున్న క్షణం నుంచి సంచి మీద కన్ను తియ్యలేదు.

"ఏటి బావూ అది? మనిసంత పొడుగున్నాది."

"సముద్రంలో ఆడుకునే బోర్డండి."

"గాలివానొస్తాదంటే ఆడుకోడానికి ఎల్తన్నావా?" ఆయన పక్కవాళ్ళ వైపు తిరిగి అన్నాడు. "సెప్పకపోతే సెప్పకపోయినాడు, ఇలగ ఎటకారమెందుకు."

కోటబొమ్మాళి దాటాక మబ్బు పట్టింది. కోతకి ఇంకా నెల ఉన్న వరి గాలికి ఒకవైపే వాలుతోంది. తొమ్మిదింబావుకి నౌపడలో దిగాను. స్టేషన్‌లో ఇడ్లీ, టీ ముప్ఫై. ఆటోవాడు నూట యాభై అడిగాడు, ఎనభైకి వచ్చాడు. దారికి రెండు పక్కలా ఉప్పు మళ్ళు, టార్పాలిన్లు కప్పిన ఉప్పు కుప్పలు. ఆ మళ్ళు దాటాక ఊరు. ఊరి పేరు రాయను. రాయొద్దని వాళ్ళు నాతో ఒట్టు వేయించుకున్నారు. ఇక్కడ మనుషుల పేర్లు కూడా మార్చాను.

ఊరికి ఇవతల సుగుణమ్మగారి ఇల్లు ఉంది. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. గోడ మీద వాక్యాల క్యాలెండరు, కింద బల్ల మీద బైబిలు, పక్కన నోటుబుక్కు. ముందు గది అద్దెకిస్తారు.

"రోజుకి మూడొందలు."

"రెండొందలు ఇస్తానమ్మా."

"రెండొందల యాభై. ఇంకా తగ్గాలంటే మా సంఘం పాస్టరుగారి వరండా ఉంది. దోమలతో సహా ఉత్తినే."

ఒప్పుకున్నాను. గెలిచానని నేను సంతోషిస్తుండగా భోజనం అరవై, అది వేరే అన్నారు. తర్వాత నా గుర్తింపు కార్డు తీసుకుని నంబరు రెండుసార్లు నోటుబుక్కులో రాసుకున్నారు. మొదటిది సరిగ్గా రాశారో లేదో రెండోది చూసి సరిచూసుకోడానికట. "ఆ సంచి మాత్రం ఇంట్లో పెట్టకు బాబూ. అందులో ఏముందో నాకు తెలిసేదాకా బయటే."

పదకొండింటికి ఒడ్డుకి వెళ్ళాను. ఇసక మీద ఏడు ఫైబరు బోట్లు. ఒకదాని నీడన నలభై ఏళ్ళ నూకరాజు వల బాగుచేస్తున్నాడు. పక్కన వాళ్ళమ్మ పోలమ్మ నెత్తళ్ళ చేపలు ఆరబోస్తోంది. నూకరాజు తల ఎత్తలేదు.

"కొలతలకొచ్చినావా?"

"కాదన్నా. కెరటాలకి."

"మీ ఊర్లో నేవేటి కెరటాలు?"

"మాది విజయనగరం. సముద్రం ఎక్కడుంది?"

"ఆఁ. అందుకే అందరూ మా సముద్రం మీద పడ్డారు."

ఒడ్డు మీద రుసుమేదో అడగబోతున్నాడు, ముందు బెదిరిస్తున్నాడు అనుకున్నాను. యాభైకి మించి ఇవ్వకూడదని లోపల నిర్ణయించుకున్నాను కూడా. డబ్బు ఊసే రాలేదు. పోలమ్మ సంచి జిప్పు లాగించింది. బోర్డు మీద వేలితో కొట్టి చూసింది. అడుగునున్న రెక్కల్లాంటి ఫిన్నులు చూపించి ఇవేమిటంది. తర్వాత అసలు సంగతి బయటపడింది.

"పోయినేడు ఇలగే తుఫానన్నారు," అంది పోలమ్మ. "మైకెట్టి అరిసి మమ్మల్ని బడిలోకి తోలీసినారు. రెండ్రోజులకొచ్చి సూస్తే ఇక్కడ చినుకు నేదు, గాలి నేదు. ఇసకలో ఎర్రరంగు రాళ్ళు పాతీసున్నాయి."

"ఎవరు పాతారు?"

"తుఫానే పాతుంటాది," అన్నాడు నూకరాజు.

రాళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి, సరుగుడు తోట దాకా వరసగా. పోర్టు వస్తుందనీ ఆ రాళ్ళు దాని హద్దులనీ ఊళ్ళో మాట. పీకేస్తే కేసు అవుతుందని పీకలేదు. ఈసారి ఎవరేం చెప్పినా ఒడ్డు వదలకూడదని, బోట్లు కదపకూడదని కట్టుబాటు చేసుకున్నారట. బోటు ఉన్నంతకాలం ఒడ్డు తమదేనని వాళ్ళ వాదన. నూకరాజు బోటు కొని ఆరు నెలలు కాలేదు. పాత తెప్ప, భార్య మెడలోవి, చెవుల్లోవి, అన్నీ దానిలోకే పోయాయి.

చివరికి షరతు మీద నన్ను నీళ్ళలోకి వదిలారు. నా సంచి, చెప్పులు, ఫోను ఒడ్డున ఉండాలి. ఆ సంచి మీద పోలమ్మ కూర్చుంటుంది. కాపలా కూలి అడుగుతుందేమోనని నేను నీళ్ళలోంచి కూడా వెనక్కి చూస్తూనే ఉన్నాను. ఆవిడ అడగలేదు. చుట్ట కాల్చుకుంటూ నన్ను చూసి రెండుసార్లు నవ్వింది, అంతే.

పన్నెండు నుంచి రెండున్నర దాకా సముద్రంలో ఉన్నాను. కెరటానికీ కెరటానికీ మధ్య పది, పదకొండు సెకన్లు. ఆ వ్యవధి ఎంత ఎక్కువైతే గాలి అంత దూరంలో ఉన్నట్టు, కెరటం అంత పొందికగా వస్తుంది. వ్యవధి ఏడుకి, ఆరుకి పడిపోయి నీళ్ళు చిందరవందరగా లేస్తే గాలి మీదికొచ్చినట్టే, బయటికి రావాలి. రెండు కెరటాలు విరిగే చోట్ల మధ్య నున్నగా, ప్రశాంతంగా కనిపించే దారిని నమ్మకూడదు. లోపలికి లాక్కుపోయే ప్రవాహం అదే. ఇవన్నీ చదివి నా వెనకే ఎవరైనా బయల్దేరతారేమోనని ఒకమాట: వాయుగుండం ఒడ్డుకి ఇంకా ఒక రోజు దూరంలో ఉండగానే ఆట ముగించాలి. ఆ మధ్యాహ్నం పదకొండు కెరటాలు పట్టాను. నా జీవితంలో అంత పొడుగు కెరటాలు ఎక్కలేదు.

బయటికి రాగానే బులెటిన్ చూశాను. బలపడి తీవ్ర వాయుగుండమైంది. సంతోషించాను. రేపు ఇంకా పెద్దవి వస్తాయి.

శుక్రవారం ఉదయం ఆరున్నరకి కొత్త బులెటిన్ వచ్చింది. గీత పడమటికి వంగింది. సాయంత్రానికల్లా కళింగపట్నానికి దగ్గరలో తీరం దాటవచ్చని ఉంది. కళింగపట్నం మాకు దక్షిణం. అంటే మేము తప్పు పక్కన ఉన్నాం. సుగుణమ్మగారు ఉప్మా పెడుతూ నా మొహం చూసి, "ఎవరైనా పోయారా?" అని అడిగారు.

నేను సంచితో ఒడ్డుకి చేరేసరికి ఎనిమిది. అప్పటికే జీపు వచ్చి మైకులో చెప్పి వెళ్ళింది. మధ్యాహ్నంలోగా అందరూ బడికి చేరాలని. బోట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. కెరటాలు ముందురోజు పోలమ్మ కూర్చున్న చోటుని తడుపుతున్నాయి. లెక్కపెట్టాను. ఎనిమిది సెకన్లు.

"అన్నా, దారి మారింది. బోట్లు తోటలోకి లాగాలి," అన్నాను.

నూకరాజు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వూ ఆ మైకూ ఒకే వారం ఒచ్చినారు."

ఫోను చూపించాను. గీత, గరాటా, అంకెలు.

"నీ ఫోను నీ మాటే సెప్తాది."

మా కొట్టులో అనుమానపు బేరగాడికి సరుకు గురించి చెప్పకూడదని నాన్న అనేవాడు. తక్కెడ అతని చేతికే ఇచ్చెయ్యాలి. నేను ఫోను జేబులో పెట్టుకుని పోలమ్మని అడిగాను. "ఫోనులు లేనప్పుడు మీరెలా తెలుసుకునేవారు పెద్దమ్మా?"

ఆవిడ లేచి గాలికి వీపు పెట్టి నిలబడింది. ఎడమ చెయ్యి పక్కకి చాపింది. "గుండం అక్కడుంటాది. సెయ్యి ఎటు జరిగితే దాని దారి అటే. ఒరిస్సా పక్కకి జరిగితే ఆలది. కళింగపట్నం పక్కకి జరిగితే మనది." అప్పుడు గమనించాను. ఆవిడ పక్కన ఇసకలో ఒక తెడ్డు పాతి ఉంది. తెల్లవారగానే చెయ్యి చాపి, అది చూపిన వైపు పాతిందట. నా ఫోనులో ఉన్న శాస్త్రమే. దానికి ఛార్జింగు అక్కర్లేదు.

ఎనిమిదిన్నరకి తెడ్డుకీ చెయ్యికీ మధ్య జానెడు తేడా. దక్షిణానికి.

"జానెడే కదేటి," అన్నాడు నూకరాజు. "నీ సెయ్యే వంకర."

"అయితే నీ సెయ్యి ఎట్టి సూడరా ఒరే."

అతను నిలబడ్డాడు. నన్నూ నిలబెట్టాడు. మైకువాళ్ళతో కలిసి ఈ ముసలిదాన్ని కూడా మాయ చేశానేమోనని కాబోలు, నా వీపు తనే గాలికి తిప్పి సరిచేశాడు. ఊరివాళ్ళు చుట్టూ చేరి చూస్తుండగా అరగంటకోసారి చేతులు చాపుతూ నిలబడ్డాం. ఈ విద్యకి మా కొట్టులో గిరాకీ ఉండదు. మధ్యలో ఒకసారి వెళ్ళిపోదామా అనుకున్నాను. సంచి తీసుకోబోతే నూకరాజు కాలు దాని మీద పెట్టాడు. "తేలీదాకా నువ్వూ ఉండాల. రాళ్ళు పాతీవోడివైతే ఇక్కడే పట్టుకుంటాం. కాకపోతే మాతో తడువు." న్యాయమే అనిపించింది. ఆగాను.

పదిన్నరకి పోలమ్మ రెండో తెడ్డు పాతింది. రెండు తెడ్ల మధ్య ఒక మనిషి పడుకోవచ్చు. ఈశాన్యపు గాలి తూరుపు గాలి అయిపోయింది. నూకరాజు వెళ్ళి పక్కింటివాళ్ళ బోటుకి మోకు కట్టాడు. తనదానికి కాదు.

బోట్లు సముద్రానికి దిగే ఒడ్డు వాలు వేరు, తోటలోకి ఎక్కాల్సిన ఇసక దిబ్బ వేరు. ఇసకలో దిగబడకుండా బోటు కింద చెక్కలు వెయ్యాలి. వెనక నుంచి తీసి ముందు వేస్తూ పోవాలి. ఒక్కో బోటుకి ఇరవై మంది. ఆడవాళ్ళు చెక్కలు మోశారు. రెండు బోట్లకే పాత చెక్కలు విరిగాయి. మూడోదానికి పోలమ్మ నా సంచి జిప్పు లాగింది.

"ఈ సెక్క నున్నగున్నాది."

"అది చెక్క కాదు పెద్దమ్మా, దాని ధర తెలుసా..."

"ధర తరవాత మాటాడుదుం. కింద ఆ రెక్కలు పీకు."

ఫిన్నులు విప్పాను. ఇంతకన్నా ఘనంగా త్యాగం చేశానని రాసుకోవచ్చు. ఆవిడ అడగలేదు, నేను ఇవ్వలేదు. తీసుకుంది, నేను ఆపలేదు. అంతే జరిగింది. బోర్డు మీద మూడో బోటు వెన్నలా జారింది. నాలుగు, అయిదు, ఆరు కూడా. నా అరచేతుల్లో మోకు కొరుక్కుపోయింది.

ఏడోది నూకరాజుది. అందరికన్నా ఎక్కువ అనుమానపడ్డవాడు కాబట్టి తనది చివరికి మిగుల్చుకున్నాడు. అప్పటికి ఒంటిగంట దాటింది, పోటు ఎక్కుతోంది. ఇంజిను విప్పి తోటలోకి మోసేలోపు ఒక కెరటం బోటు వెనక భాగాన్ని ఎత్తి పక్కకి తిప్పింది. నూకరాజు వెనక నీళ్ళలో భుజం ఆనించి నిలబడ్డాడు. అతని మొహం కనిపించలేదు. ఒక్కసారి మాత్రం, "లాగండి బావూ," అన్నాడు. నాతోనే అన్నాడో అందరితో అన్నాడో తెలియదు. తర్వాతి కెరటం వచ్చేలోపు దిబ్బ ఎక్కాలి. సగం ఎక్కాక కింద ఫటక్‌మని శబ్దం. బోర్డు రెండు ముక్కలైంది. బోటు ఆ ముక్కల మీదుగా కొంచెం జారి, ఆగి, ఇంకొక లాగుకి దిబ్బ అవతలికి ఒరిగింది. వెనక వచ్చిన కెరటం మా మోకాళ్ళు తడిపి వెళ్ళిపోయింది.

రెండింటికి బడికి చేరాం. చీకటి పడ్డాక గాలి గురించి రాయడానికేమీ లేదు. తలుపులు కొట్టుకున్నాయి, పిల్లలు ఏడ్చారు, సుగుణమ్మగారు జ్వరం ఉన్నవాళ్ళకి మాత్రలు పంచారు. నేను ఫోను తీసి చూడలేదు.

శనివారం ఏడింటికి అందరం ఒడ్డుకి నడిచాం. ఒడ్డు లేదు. బోట్లు ఉన్న చోట నీళ్ళున్నాయి. దిబ్బ సగం కోసుకుపోయింది. బోట్లు ఏడూ సరుగుడు చెట్ల మధ్య ఆకులు కప్పుకుని ఉన్నాయి. నూకరాజు ముందు బోటు దగ్గరికి వెళ్ళలేదు. ఒడ్డంతా అటు చివరి నుంచి ఇటు చివరి దాకా నడిచి రాళ్ళ కోసం వెతికాడు. కొత్తవి లేవు. పాతవీ లేవు.

"రాళ్ళూ నేవు, ఒడ్డూ నేదు. ఇప్పుడెక్కడ కొలుస్తారో కొలుసుకోమను." నవ్వాడో లేదో చెప్పలేను. తర్వాత నా దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. "నీ టికెట్టు సూపించు."

గురువారం టికెట్టు చొక్కా జేబులో నలిగి ఉంది. విజయనగరం నుంచి నౌపడ. రెండు వైపులా తిప్పి చూశాడు.

"సరే. నమ్మినట్టు కాదు. సూసినాను, అంతే."

పోలమ్మ బోర్డు పెద్ద ముక్క అడిగింది, చేపలు కోసుకోడానికి. ఊరికే తీసుకోమంటే వద్దంది. గోనె ముక్కలో ఎండు నెత్తళ్ళు కట్టి ఇచ్చింది. అది బేరమాడకుండా నేను చేసిన మొదటి అమ్మకం.

తిరుగు ఆటో వంద అన్నాడు, తడిసిన రోడ్డు చూసి ఇచ్చేశాను. రైలు గంటన్నర ఆలస్యంగా మూడున్నరకి వచ్చింది. ఉప్పు మళ్ళన్నీ ఒకే నీటి పలకలా ఉన్నాయి. కోటబొమ్మాళి దగ్గర వరి నేలకొరిగింది. ఎదురు సీటులో ఒకామె నెత్తళ్ళ వాసనకి ముక్కు మూసుకుని ఎక్కడ కొన్నావంది. నౌపడ అవతల అన్నాను. ఊరి పేరు అడిగింది. మర్చిపోయానన్నాను. ఆమె నమ్మలేదు. మూడు రోజుల్లో నాకు ఎదురైనవాళ్ళలో నన్ను నమ్మినవాళ్ళు లేరు, అందరూ అన్నం మాత్రం పెట్టారు, లేదా సీటులో జరిగారు.

నెల్లిమర్ల వచ్చేలోగా టికెట్టు వెనక లెక్క రాశాను. రైలు రానూపోనూ యాభై. ఆటోలు నూట ఎనభై. గది రెండు రోజులకి అయిదు వందలు. నాలుగు భోజనాలు రెండు వందల నలభై. టీ టిఫిన్లు డెబ్భై. బోర్డు ఆరువేల అయిదు వందలు. మొత్తం ఏడువేల అయిదు వందల నలభై. నెత్తళ్ళు, విజయనగరం బజారు ధరకి, రెండు వందలు జమ. నికరం ఏడువేల మూడువందల నలభై. కింద ఏడు బోట్లు అని లాభం పక్కన రాసి, కొట్టేశాను. పోలమ్మ మొదటి తెడ్డు పాతేసరికి నేను ఇంకా నిద్ర లేవలేదు. దాని బదులు ఖర్చు పక్కన ఇంకొకటి రాయాల్సి వచ్చింది. బుధవారం నుంచి గురువారం దాకా గాలివాన ఇంకా బలపడాలని నేను కోరుకున్నాను, నూకరాజుతో మాట్లాడుతూ కూడా. దానికి ఎంత వెయ్యాలో తెలియక అంకె వెయ్యలేదు.

ఇక కెరటాలు. అందరికీ పదకొండు అని చెబుతున్నాను, పైన కూడా అలాగే రాశాను. చివరి రెండింటిలో మోకాళ్ళ మీద నుంచి లేవలేదు. తొమ్మిది. ఒక్కొక్కటి ఎనిమిది వందల పదిహేను రూపాయల యాభై ఆరు పైసలు.